ట్రాక్‌పై శని, ఆదివారాలు: స్పోర్ట్స్ కారు శిక్షణపై కడప నుంచి ఒక సమీక్ష

స్పోర్ట్స్ కారు సొంతంగా ఉండి, పందేలకు దిగే ఉద్దేశం లేకపోయినా దాన్ని దాని సామర్థ్యానికి తగినట్టు నడపడం నేర్చుకోవాలనుకునే మన సీమవారికి, చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై ఒక కోచ్ శని, ఆదివారాల్లో ఇచ్చే శిక్షణను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. రుసుము తక్కువేమీ కాదు. నా కారుకు ఒక జత వెనుక టైర్లు కొనడానికయ్యే ఖర్చుతో అది దాదాపు సమానం. అయినా ఎగ్జాస్ట్ మార్పించడానికో, శక్తి పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించడానికో (రీమ్యాప్) దాచిపెట్టిన డబ్బును ముందుగా ఇక్కడ ఖర్చు చేయడమే మేలని నా అభిప్రాయం. ఈ కోచ్ ప్రధానంగా నేర్పేవి రెండే: బ్రేకును వదిలే పద్ధతి, చూపును నిలిపే పద్ధతి. వేగం వాటి వెంటే వస్తుంది.

కడప నుంచి రాజంపేట, రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, తిరువళ్లూరుల మీదుగా వెళ్తే పూట ప్రయాణంలో ట్రాక్ చేరవచ్చు. నేల మట్టానికి దగ్గరగా ఉండే కారు కాబట్టి ఊళ్లలోని స్పీడ్‌బ్రేకర్లు కనిపించేలా శుక్రవారం పగటిపూటే బయలుదేరడం మంచిది. బెంగళూరు-చెన్నై రహదారి పక్కన, హ్యుందాయ్ కర్మాగారం ఉన్న ప్రాంతంలోనే ఉన్న ఈ ట్రాక్ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్‌ది. అంతకుముందు షోలవరంలోని పాత విమాన రన్‌వేపై పందేలు నిర్వహించిన ఆ క్లబ్ 1990లో దీన్ని ప్రారంభించింది. పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు 12. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే దీనికన్నా చాలా చిన్నది. 2011 నుంచి మూడేళ్లు ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్లకు పైగా పొడవున్నదే కానీ, గ్రేటర్ నోయిడా దాకా కారును లారీపై పంపించాలి. మన జిల్లావారికి నడుపుకుంటూ వెళ్లి, నడుపుకుంటూ తిరిగి రాగల పెద్ద ట్రాక్ ఇది.

నా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోర్షా 718 కేమన్. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, 300 హార్స్‌పవర్, వెనుక చక్రాలకు చోదకశక్తి. ఇంజిన్ సీట్ల వెనుక, కారు మధ్యభాగంలో ఉండడం వల్ల స్టీరింగ్ తిప్పగానే కారు వెంటనే మలుపులోకి ఒదుగుతుంది. అదే కారణంగా, మలుపు నడుమ భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే బరువు ముందు చక్రాల వైపు మళ్లి, వెనుక టైర్ల పట్టు తగ్గి, కారు వెనుక భాగం పక్కకు జారే ప్రమాదమూ ఉంటుంది. ఇలాంటి కారును ఎవరూ పక్కన లేకుండా ట్రాక్‌పైకి తీసుకెళ్లడం కన్నా, అనుభవజ్ఞుణ్ణి పక్క సీటులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం ఎందుకు అవసరమో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

శనివారం ఉదయం కోచ్ మొదట సీటు సరిచేయించారు. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలుండే చోట ఉండాలి. ఇది చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. సీటులో శరీరం కుదురుగా లేకపోతే మలుపులో మనిషి స్టీరింగ్‌ను పట్టుకుని వేలాడతాడు, అప్పుడు ముందు టైర్లు చెప్పే సంగతి చేతులకు అందదు. తరువాత ట్రాక్ పక్కన ఊపే జెండాల అర్థాలు, ముందున్నవారు సైగ చేసినప్పుడు మాత్రమే, అదీ నేరుగా ఉన్న భాగాల్లో మాత్రమే దాటాలన్న నియమం వివరించారు. కారు జారబోతే తనంతట తానే సరిచేసే స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపనివ్వలేదు. అది పనిచేసినప్పుడు వెలిగే దీపాన్ని చూపి, ‘ఆ దీపం ఎక్కడెక్కడ మిణుకుమంటోందో గమనించండి సార్, అక్కడ మీరు టైరును దాని శక్తికి మించి అడుగుతున్నారన్నమాట’ అని చెప్పారు. ట్రాక్ చుట్టూ ఒక్కో చుట్టుకు (ల్యాప్‌కు) పట్టే సమయాన్ని చూపే ల్యాప్ టైమర్‌పై మాత్రం ఆ రోజంతా టేపు అంటించి ఉంచారు.

ఇక బ్రేకు గురించి. ఈ పాఠం ఒక్కటే రుసుముకు సరిపోతుంది. రోడ్డు మీద మనమంతా మొదట మెల్లగా తొక్కి, చివర్లో గట్టిగా నొక్కుతాం. ట్రాక్‌పై అది తలకిందులు కావాలి: కారు నేరుగా ఉన్నప్పుడే తొలి క్షణంలో గట్టిగా తొక్కి, మలుపు దగ్గరపడే కొద్దీ, బావిలోకి చేదను దించేటప్పుడు తాడును పిడికిట్లోంచి కొద్దికొద్దిగా జారవిడిచినట్టు, పెడల్‌ను వదలాలి. దీని వెనుక ఉన్న లెక్కను ఆయన తెల్లబోర్డుపై వేసి చూపించారు. వేగం రెట్టింపైతే కారులోని గతిశక్తి నాలుగు రెట్లు అవుతుంది. మంచి టైర్లతో 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి సుమారు 25 మీటర్లు పట్టే కారుకు, 160 నుంచి ఆగడానికి దాదాపు 100 మీటర్లు పడుతుంది. అంటే 160 నుంచి 80కి తగ్గించేసరికే ఆ దూరంలో నాలుగింట మూడు వంతులు కరిగిపోతుంది. మలుపులోకి తిరిగేటప్పుడు పెడల్‌పై కొద్దిపాటి ఒత్తిడి మిగిల్చి ఉంచితే ముందు టైర్లపై బరువు నిలిచి, కారు లోపలి అంచు వైపు సులువుగా తిరుగుతుంది. అయితే టైరుకున్న పట్టు ఒక్కటే; దాన్ని బ్రేకుకూ, మలుపుకూ పంచుకోవాలి గనుక, స్టీరింగ్ ఎంత తిప్పితే బ్రేకు అంత తగ్గించాలి. కోచ్ తన ఎడమ చేతిని నా కంటికి అడ్డం రాకుండా డ్యాష్‌బోర్డుపై ఆనించి, వేళ్లను నెమ్మదిగా పైకెత్తుతూ పెడల్ ఎలా వదలాలో ప్రతి మలుపులోనూ చూపించేవారు. మాటలకన్నా ఆ వేళ్ల వల్లే నాకు విషయం పట్టుబడింది.

రెండో పాఠం చూపు. 160 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది, కాబట్టి బానెట్ ముందున్న నేలను చూస్తూ తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఆలస్యమే. తిరగడం మొదలుపెట్టక ముందే, కారు మలుపు లోపలి అంచుకు అతి దగ్గరగా వచ్చే అపెక్స్‌ను చూడాలి. అక్కడికి చేరక ముందే చూపు బయటికి వెళ్లే చోటుకు మారిపోవాలి. ఇది అలవాటు కావడానికి, ఎటు చూస్తున్నానో గట్టిగా చెబుతూ నడపమన్నారు. ‘బ్రేకు, అపెక్స్, బయటి అంచు’ అని పైకి అంటూ నడిపితే, చూపు ఎక్కడ వెనకబడిందో గొంతులోనే తెలిసిపోతుంది. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

ఇది ట్రాక్‌కే పరిమితమైన విద్య కాదని కడపవారికి వేరే చెప్పనక్కరలేదు. రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌లో, ఎదురుగా బరువుతో దిగే లారీలున్న చోట, మలుపుకు ముందే వేగం తగ్గించడం ముగించి, కంటికి కనిపించే చివరి బిందువును పట్టుకుని నడపడం ఎంత అవసరమో ఆ దారిన వెళ్లేవారికి తెలుసు. అక్కడ వేగంగా పోవాలని నేను అనడం లేదు, అలా పోవడం నేరం కూడా. అదే వేగంలో మునుపటికన్నా ఎక్కువ సమయం చేతిలో ఉన్నట్టు ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

ఆదివారం జీపీఎస్ పరికరం నమోదు చేసిన వేగపు గీతలను, కోచ్ నా కారులోనే తిప్పిన ల్యాప్ గీతలపై పెట్టి చూపించారు. నేరుగా ఉన్న భాగాల్లో తేడా చాలా స్వల్పం. తేడా అంతా మలుపు ప్రవేశంలోనే, ఆయన గీత ఒంపుగా దిగే చోట నా గీత మెట్టులా విరిగిపోవడంలోనే ఉంది. మధ్యాహ్నానికి ఆ మెట్టు చాలావరకు నునుపుగా మారింది.

లోపాలు లేకపోలేదు. ఆదివారం ఒకే కోచ్‌కు ఎక్కువమందిని అప్పగించడం వల్ల రెండో పూట ఆయన పక్క సీటులో కూర్చునే సమయం బాగా తగ్గింది. ఈ రుసుముకు అది అన్యాయం. హెల్మెట్లలోని ఇంటర్‌కమ్ వేగం పెరిగినప్పుడు సరిగా వినిపించలేదు. పాఠాలు ఇంగ్లిష్, తమిళాల్లోనే సాగాయి. కడప, నెల్లూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చేవారు ఉంటున్నప్పుడు తెలుగు తెలిసిన సహాయకుడు ఒకరైనా ఉండాలి. పెట్రోలు, బ్రేకు ప్యాడ్లు రుసుములో చేరవన్న సంగతి డబ్బు కట్టిన తరువాతే స్పష్టంగా చెప్పారు.

వెళ్లేవారు ముందుగా బ్రేకు ఆయిల్ మార్పించుకోవాలి. డాట్ 4 రకం కొత్త బ్రేకు ద్రవం కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్న పాతదానికి ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు, అప్పుడు పెడల్ నేలదాకా దిగిపోతుంది. టైర్లు వేడెక్కి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి గేజ్ దగ్గర ఉంచుకుని, ప్రతి విడత తరువాత సరిచూసుకోవాలి. చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి బ్రేకులను చల్లారనివ్వాలి. ఆపిన వెంటనే హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు. సాధారణ మోటారు పాలసీలు పందేలకూ, వేగ పరీక్షలకూ వర్తించవు గనుక, ట్రాక్‌పై జరిగే నష్టం సొంత జేబు నుంచే భరించాల్సి రావచ్చని తెలిసే వెళ్లాలి. నేను మళ్లీ అదే కోచ్ దగ్గరికి వెళ్తాను. అయితే రెండు రోజులూ ఆయనకు ఇద్దరికి మించి అప్పగించబోమని నిర్వాహకులు రాతపూర్వకంగా చెప్పాకే డబ్బు కడతాను.