కొండపల్లి నుంచి కొల్లిపర దాకా: వదిన రాసిన ఖర్చుల పుస్తకం

మా వదిన పదిహేనేళ్లు డ్వాక్రా సంఘం లీడరుగా చేసింది. ఆమెను వెంటబెట్టుకుని ఊళ్లు తిరగడమంటే ఆడిటరును వెంటబెట్టుకున్నట్టే. మొన్న ఫిబ్రవరిలో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మూడు రోజులు తిరిగాం. బయలుదేరే ముందే పాత నోటుపుస్తకం ఒకటి తీసి గడులు గీసింది. ఎందుకు, ఎంత అన్నవి అందరూ రాసేవే. మూడో గడికి "ఎవరికి" అని పేరు పెట్టింది.

మొదటి రాత్రి విజయవాడ స్టేషనుకు దగ్గరలో ఒక హోటల్లో దిగాం. ఏసీ పనిచేసింది, లిఫ్టు పనిచేయలేదు. ఏడింటికల్లా వేడినీళ్లు అయిపోయాయి. ఉచితం అన్న టిఫిను ఎందుకు ఉచితమో తిన్నాక తెలిసింది. తల దాచుకోవడానికి సరిపోతుంది, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. ఆ బిల్లుకు ఎదురుగా "ఎవరికి" గడిలో వదిన ఒక అడ్డగీత గీసి ఊరుకుంది.

కొండపల్లి నగరానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. బస్సు దిగి ఆటో ఎక్కితే బొమ్మల కాలనీలో దింపుతారు. రోడ్డు మీద కనిపించే దుకాణాల దగ్గర ఆగిపోకండి. లోపలి వీధుల్లో అరుగుల మీదే పని జరుగుతుంటుంది, అడిగితే విసుక్కోకుండా చూపిస్తారు. తెల్ల పొణికి చెక్కను ముందు సన్నని సెగ మీద ఆరబెడతారు. చెమ్మంతా పోయాక చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అంబారీ ఏనుగును ఒకే దుంగలోంచి తీస్తారనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. ఒళ్లు, తొండం, చెవులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. దాని మీద సున్నం పూత, ఆ తరువాత రంగులు.

ఇవన్నీ నేను నోరు తెరుచుకుని చూస్తుంటే వదిన అసలు సంగతికి వెళ్లిపోయింది. "చెక్క ఎక్కడి నుంచి వస్తుందండీ?" అని అరుగు మీద బొమ్మ చెక్కుతున్న పెద్దాయనను అడిగింది. చుట్టుపక్కల కొండల నుంచేనని, చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుందని, ఏడాదికేడాదికీ దొరకడం కష్టమవుతోందని ఆ పెద్దాయన చెప్పారు. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు పెట్టుకుని ఇంకెవరూ అమ్మకుండా అది ఆపగలదు, పొణికి చెట్టును మాత్రం మొలిపించలేదు కదా. "రంగులు వేసేది ఎవరు?" అంది వదిన. ఆయన భార్య, కోడలు. "మరి వాళ్లకు కూలి?" ఆయన నవ్వారు. "ఇంటి పనే కదమ్మా."

ఒక ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు తీసుకున్నాం. బేరం ఆడదామంటే వదిన కళ్లతోనే వారించింది. పుస్తకంలో పెద్దాయన పేరు రాసి, దాని కింద "కోడలు: సున్నా" అని రాసింది. ఆ వీధికి వచ్చేవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లతో వెళ్లేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెడ్డిరాజుల నాటి ఖిల్లాకు కూడా వెళ్లాం. పైనుంచి థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపిస్తాయి. ఎండ ఎక్కకముందే వెళ్లడం మేలు.

మంగళగిరిలో ముందు పానకాల స్వామి దర్శనం. బిందెడు పానకం పోస్తే స్వామి సగం తాగి సగం భక్తులకే వదిలేస్తాడని నమ్మకం. మెట్లు దిగుతూ వదిన, "నడుమ ఉండేవాళ్లందరూ ఈయన దగ్గర నేర్చుకోవాలమ్మా, సగమైనా వెనక్కి ఇస్తాడు" అంది. గంట తరువాత చేనేత వీధిలో ఆ మాటకు అర్థం తెలిసింది. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న నేతగానికి నూలూ తనది కాదు, చీరా తనది కాదు. మాస్టర్ వీవర్ పడుగు, పేక ఇస్తాడు, నేసినందుకు మజూరి ఇస్తాడు. కండెలు చుట్టే ముసలమ్మ కష్టం కూడా ఆ మజూరిలోనే కలిసిపోతుంది. మంగళగిరి చీరకు ఒళ్లంతా సాదాగా, జరీ అంచు నిండుగా ఉంటుంది. ఆ సాదాతనమే మరమగ్గం వాళ్లకు వరమైంది, చూడగానే తేడా పట్టుకోలేం. పెద్ద దుకాణంలో చల్లగా కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారు. చేనేత గుర్తు ఉన్న చీర చూపించమనేసరికి మాట మార్చారు. చివరికి నేతగాళ్ల సహకార సంఘం దుకాణంలో కొన్నాం. అక్కడ ఫ్యాను తిరగలేదు, రంగులు తక్కువ, చిల్లర కోసం పది నిమిషాలు కూర్చోబెట్టారు. అయినా మూడో గడి నిండింది.

గుంటూరు మిర్చి యార్డులో పావుగంట కంటే ఉండలేకపోయాం. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య నడుస్తుంటే దగ్గు, తుమ్ములు, కళ్లనీళ్లు. రోజంతా ఆ ఘాటులోనే బస్తాలు మోసే హమాలీల ముందు ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకోవడానికి సిగ్గేసింది. అది చూసి తీరవలసిన చోటే గాని, విహారానికి వెళ్లేది కాదు.

ఈ మూడు రోజుల్లో నా మనసు నిలిచిపోయింది కొల్లిపర వైపు ఒక పల్లెలో. తెనాలిలో రైలు దిగి బస్సు ఎక్కాం. దారి పొడవునా అరటి తోటలు, కంద, అక్కడక్కడా పసుపు తవ్వకాలు. ఉడుకుతున్న పసుపు వాసన ఊరు రాకముందే ఎదురొచ్చింది. ఆరబెట్టిన కొమ్ములు, కాయలు వేరు చేసి దుగ్గిరాల యార్డుకు తోలతారు. వదినకు తెలిసిన సంఘం వాళ్లు అక్కడ ఒక పెంకుటింటి గదిని అతిథులకు ఇస్తున్నారు. బస్టాపు దగ్గర బోర్డు లేదు. ఇద్దరిని అడిగితే ఇద్దరూ వేరే దారి చూపించారు.

ఆ సంఘం వాళ్లలో కొందరు ప్రకృతి వ్యవసాయం చేస్తున్నారు. 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను వేసి కర్రతో కలుపుతున్నారు. ఎకరా పొలానికి సరిపడే ద్రవ జీవామృతం, అంటే పొలానికి పోసే ఎరువు అది. రాష్ట్రంలో ఈ పని ఎక్కువగా మహిళా సంఘాల ద్వారానే సాగుతోంది. రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతిలో వాటా వచ్చింది. ఆ మాట చెబితే డ్రమ్ము కలుపుతున్న ఆవిడ, "అట్లాగా, మంచిదే. ఆ బెల్లం ఇటు అందుకోండి" అంది.

రాత్రి కంద బచ్చలి కూర, పండుమిరప పచ్చడి, గడ్డపెరుగు. ఆ పచ్చడి కోసం మళ్లీ వెళ్లవచ్చు. ఇద్దరికీ భోజనాలతో కలిపి 1400 రూపాయలు. వదిన అడగకుండానే వాళ్లే లెక్క చెప్పారు. గది ఇచ్చినావిడకు 500, వండిన ఇద్దరికి 600, పాలు పెరుగు పోసినావిడకు 100, సంఘం పొదుపులోకి 200. మూడో గడి చాలక వదిన పక్క పేజీలోకి వెళ్లింది.

అంతమాత్రాన మొహమాటపడే మనిషి కాదు ఆమె. పొద్దున్నే అతిథుల పుస్తకం అడిగి తీసుకుంది. స్నానాల గదికి గడియ లేదు, దోమతెరకు మూడు చోట్ల చిరుగు, బస్టాపులో బోర్డు పెట్టాలి, మంచం కోడు ఊగుతోంది అని ఒక్కొక్కటే రాసి కింద సంతకం చేసింది. లీడరు పైకి చదివి, "గడియ ఇవాళే వేయిస్తాను వదినగారూ. దోమతెరకు మాత్రం తీర్మానం పెట్టాలి. మీటింగు మంగళవారం" అంది.