గోడపటంలో డెల్టా

అమలాపురంలో పిల్లల చదువుగదికి కొన్న ఈ గోదావరి డెల్టా గోడపటం, ఒక మూల ‘డెల్టా’ అన్న మాట పుట్టుకను వివరించినందుకే పెట్టిన ధరకు తగినదని భావిస్తున్నాను. గ్రీకు అక్షరమాలలో నాలుగవదైన డెల్టా పెద్దక్షరం త్రిభుజంలా ఉంటుందనీ, దాని పేరు ‘తలుపు’ అనే అర్థమున్న ఫినీషియన్ అక్షరం పేరు నుంచి వచ్చిందనీ, క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ నైలు నది దిగువ భూమిని ఆ పేరుతోనే ప్రస్తావించాడనీ అందులో ఉంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ పాయలు విడిపోయే చోట వేలుపెట్టి, ఒకసారి అంతర్వేది వైపు, మరోసారి యానాం వైపు సముద్రం దాకా జరిపితే ఆ అక్షరమే కనిపిస్తుంది, మా అమ్మాయి “మన ఊరు అక్షరంలో ఉందా నాన్నా!” అని ఆశ్చర్యపోయింది. అచ్చు బాగుంది. వైనతేయ పాయ పేరు మాత్రం మడతలో పడి చెరిగిపోయింది. కోనసీమవారికి అది చిన్న లోపం కాదు.