చిన్న క్రైస్తవ కాలేజీ, ఐదేళ్ల హాస్టల్: నా అనుభవం

గుంటూరు దగ్గర క్రైస్తవ సంఘం వాళ్లు నడిపే ఒక చిన్న ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో నేను బీఏ మూడేళ్లు చదివాను. ఆ తర్వాత రెండేళ్లు అదే హాస్టల్లో వార్డెన్‌గారికి సాయంగా ఉన్నాను. పిల్లని అలాంటి చోట చేర్చాలా వద్దా అని ఈమధ్య మా బంధువుల్లో ఇద్దరు అడిగారు. ఫోన్లో చెబితే తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి కాలేజీ పేరు చెప్పను.

చదువు సంగతి ముందే చెప్పేస్తాను. తెలుగు, చరిత్ర మేడమ్‌లు చాలా బాగా చెప్పేవారు. ఇంగ్లీషుకి మాత్రం రెండో ఏడంతా లెక్చరర్ లేరు. కంప్యూటర్లు పాతవి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు కావాలంటే వేరే కాలేజీ చూసుకోండి.

నేను ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంటి పిల్లని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా నాయనమ్మ ఆ ముచ్చట తను ఒడ్డున నిలబడి చూసినట్టే చెప్పేది. కరువు రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశారని కూడా ఆమె దగ్గరే విన్నాను. అలాంటి ఇంట్లో పుట్టి కూడా, ఇంటర్ రెండో ఏడులో నాన్న పోయాక నేను ప్రార్థన మానేశాను. అమ్మ కోసం ఆదివారం గుడికి వెళ్లేదాన్ని, కూర్చునేదాన్ని, వచ్చేసేదాన్ని. నోరు మాత్రం తెరిచేదాన్ని కాదు.

హాస్టల్లో మేం డెబ్బై మందిమి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల లూథరన్లు ఎక్కువ, మా హాస్టల్లోనూ అంతే. వాళ్లు కాక మిగతా క్రైస్తవ శాఖల వాళ్లు: సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు, హెబ్రోను (బక్త్ సింగ్‌గారు మొదలుపెట్టిన సహవాసం) వాళ్లు. ఇంకా ఆరేడుగురు హిందూ అమ్మాయిలు. మొదటి నెలంతా వాదనలే. పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వచ్చా, నగలు పెట్టుకోవచ్చా, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం ఎవరు తీసుకోవాలి! నా రూమ్మేట్ హెబ్రోను సహవాసం నుంచి వచ్చిన పిల్ల. చెవులకి కమ్మలు ఉండవు, ప్రార్థన అనగానే చున్నీ తల మీదికి లాక్కుంటుంది. "నువ్వు ప్రార్థన చేసుకోవేంటే?" అని ఒకసారి అడిగింది. "రావట్లేదే" అన్నాను. సరేనంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మా ఊళ్లో అందరూ నాకు వాక్యాలు చెప్పి ఓదార్చాలని చూసినవాళ్లే, ఊరుకున్నది ఈ అమ్మాయి ఒక్కతే.

నాన్న పోయి ఏడాదైన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టారు. మర్నాడు నాకు సెమిస్టర్ పరీక్ష, వెళ్లలేకపోయాను. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. చీకట్లో మంచం మీద పడుకుని ఉంటే తలుపు తీసుకుని ఒక్కొక్కరే వచ్చారు, మొత్తం తొమ్మిది మంది. రూమ్మేట్ చెప్పినట్టుంది. ఇనప మంచాల మీద ఇరుక్కుని కూర్చున్నారు. పక్క గది హిందూ అమ్మాయి ఫోన్ టార్చి పట్టుకుని నిలబడింది. క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన కీర్తనల పుస్తకం ఒకటే ఉంది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి తీశారు. ఆయన 1803లో పుట్టి 1890లో పోయిన మనిషి. మేం ఎన్ని సంఘాల వాళ్లమైనా ఆయన కీర్తనలు అందరి ఇళ్లలోనూ పాడుకునేవే. పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి కానీ ఊరికో బాణీ ఉంటుంది. ఒకళ్లు ఒకలా, ఇంకొకళ్లు ఇంకోలా ఎత్తుకుని పల్లవి దగ్గరే ఆగిపోయారు. అప్పుడు ఒక సీఎస్ఐ అమ్మాయి నా వైపు తిరిగి, "మీ నాన్నగారు ఎలా పాడేవారో అలా ఎత్తుకో, మేం అందుకుంటాం" అంది.

ఎత్తుకోక తప్పలేదు. గొంతు వణికింది, రెండో చరణం మర్చిపోయాను. వాళ్లు అందుకున్నారు. ట్రంకు పెట్టె మీద ఎవరో వేళ్లతో తాళం వేశారు. ఏడాది తర్వాత నేను దేవుడితో మాట్లాడింది ఆ రాత్రే. నాన్న ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ప్రశ్న అలాగే ఉంది, దాంతోపాటే ప్రార్థన చేసుకుంటున్నాను.

చిన్న కాలేజీ కాబట్టే ఇది జరిగిందని నా నమ్మకం. ఒక పూట మెస్‌కి రాకపోతే ఇద్దరు గదికొచ్చి అడుగుతారు. ఒకమ్మాయికి ఫీజు కట్టలేని పరిస్థితి వస్తే, మేం పండక్కి దాచుకున్న డబ్బులు పోగేసి ఇచ్చాం. కానీ కాలేజీ ఇంత చిన్నది కావడంతోనే ఊపిరాడని రోజులూ ఉంటాయి. పొద్దున ఏడిస్తే సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

ఫిర్యాదులకి వస్తే, చాపెల్ ప్రార్థనకి రాకపోతే ఇరవై రూపాయలు ఫైన్ ఉండేది. ఫైన్ భయంతో మోకరిస్తే అది ప్రార్థన ఎలా అవుతుంది? నేను సాయంగా ఉన్న రెండేళ్లూ ఆ రిజిస్టరు నా చేతిలోనే ఉంది. నేను గట్టిగా అడిగి ఉండాల్సింది, అడగలేదు. చేరిన మొదటి వారంలో "మీది ఏ పేట?" అని కులం కూపీ లాగినవాళ్లు కూడా క్రైస్తవ పిల్లలే. ఊళ్లో పేటకో గుడి చూసి పెరిగాం, అక్కడైనా అది ఉండదనుకున్నాను. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. ఇంకోసారి బయటినుంచి వచ్చిన ప్రసంగీకులొకరు, హిందూ అమ్మాయిల్ని అందరి ముందూ చేతులెత్తి, క్రీస్తుని నమ్ముకుంటామని నిర్ణయం చెప్పమన్నారు. వాళ్లు తల దించుకుని కూర్చున్నారు. ఆ రాత్రి వార్డెన్‌గారు వాళ్ల గదులకి వెళ్లి, "తప్పు జరిగిందమ్మా, మళ్లీ జరగనివ్వను" అని చెప్పారు. నేను ఉన్నంతకాలం మళ్లీ జరగలేదు.

మా బంధువులకి నా జవాబు: అమ్మాయికి ఇష్టమైతేనే చేర్చండి. ఇంట్లో మాట వినడం లేదు, అక్కడైనా భక్తి నేర్పుతారు అని మాత్రం పంపకండి. అలా వచ్చినవాళ్లు రిజిస్టరు కోసం వచ్చి కూర్చుని వెళ్లిపోవడం చూశాను. చేర్చే ముందు అమ్మాయిని తీసుకుని ఒక సాయంత్రం ఆరున్నరకి వెళ్లండి. అది సాయంకాల ప్రార్థన వేళ. అడిగితే లోపల వెనక బెంచీలో కూర్చోనిస్తారు. తర్వాత మెస్‌లో అందరితో కలిసి భోంచేయండి, అమ్మాయిని వాళ్ల మధ్య వదిలేసి మీరు కాస్త దూరంగా కూర్చోండి. బుధవారం వెళితే గోంగూర పప్పు ఉంటుంది.