రేడియల్ షాక్‌వేవ్ మెషిన్: మడమకు సరే, మోచేతికి అంతంతే

నెల్లూరు పొగతోటలో అయినా ఒంగోలులో అయినా ఫిజియోథెరపీ బోర్డుల మీద షాక్‌వేవ్ అనే మాట ఇప్పుడు మామూలైపోయింది. బోర్డు మీద మాట ఒకటే గానీ లోపలుండే మెషిన్లు వేరు. నొప్పి ఉన్నచోట వరసగా దెబ్బలు కొట్టి మానేలా చేసే చికిత్స ఇది. ఇక్కడ చెప్పేది కంప్రెసర్‌తో నడిచే రేడియల్ మెషిన్ సంగతి. దీని హ్యాండ్‌పీస్‌లో ఒక స్టీలు ముక్క ఉంటుంది. గాలి ఒత్తిడికి అది గొట్టంలో దూసుకొచ్చి ముందున్న హెడ్‌ని గుద్దుతుంది, ఆ దెబ్బ చర్మం మీదుగా లోపలికి దిగుతుంది. చర్మం దగ్గర బలంగా ఉండి, పోయేకొద్దీ తగ్గి, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకి దాదాపు అయిపోతుంది. ఫోకస్డ్ రకం అలా కాదు. 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషి కిడ్నీ రాళ్ల మీద వాడిన పద్ధతికి అదే అసలు వారసుడు. శక్తిని కావలసిన లోతుకి తీసుకెళ్లి అక్కడే వదులుతుంది, ఖరీదు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఇవి రెండూ కాక కంప్రెసర్ లేకుండా కాయిల్‌తో కొట్టే పెట్టెలున్నాయి. వాటిలో మంచివి లేకపోలేదు గానీ, ఆన్‌లైన్లో చవకగా దొరికేవి కొద్దిసేపటికే వేడెక్కి దెబ్బ నీరసపడిపోతాయి. వాటితో చేయించుకుని "షాక్‌వేవ్ దండగ" అన్నవాళ్ల మాటని ఈ లెక్కలో కలపలేం.

తీర్పు ముందే చెప్పేస్తే: మడమ కింద నొప్పికి బాగుంది, మడమ వెనక పిక్క కండరాన్ని ఎముకకి కలిపే తాడుకి, అంటే అకిలిస్ టెండన్‌కి బాగుంది, మోకాలి చిప్ప కింది టెండన్‌కి ఫరవాలేదు, మోచేతికి అంతంతమాత్రం. అదీ నొప్పి మొదలై మూడు నెలలు దాటి, చెప్పులు మార్చి, వ్యాయామం చేసి, అయినా లొంగని కేసుల్లో. రెండు వారాల కొత్త నొప్పికి ఈ మెషిన్ పెట్టడం డబ్బు ఖర్చు తప్ప మరేం కాదు.

మడమ కేసుల్లో చాలామంది ఎక్స్‌రే పట్టుకుని, ఎముక పెరిగింది, దాన్ని పగలగొట్టండి అంటూ వస్తారు. ఈ మెషిన్ ఎముకని పగలగొట్టదు, పగలగొట్టనక్కర్లేదు కూడా. ముల్లులా పెరిగిన ఆ ఎముక నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనపడుతుంది. నొప్పి అరికాలి పొర మడమ ఎముకకి అతుక్కునే చోట, లోపలి వైపు ముందు అంచున ఉంటుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, చీలమండ కింద టవల్ చుట్ట పెట్టి, కాలి వేళ్లని మోకాలి వైపు లాగిపట్టి బొటనవేలితో నొక్కితే "అదే, అక్కడే" అంటారు. పెన్నుతో గుర్తు పెట్టాల్సింది అక్కడే. 15 మిల్లీమీటర్ల హెడ్, జెల్, సెకనుకి 8 నుంచి 10 దెబ్బలు. ఒత్తిడి 1.5 బార్ దగ్గర మొదలుపెట్టి, మొదటి 300, 400 దెబ్బల్లో మెల్లగా 2.5 దాకా, ఓర్చుకోగలిగితే 3 దాకా. అక్కడ 2000 దెబ్బలు పడాలి. సెకనుకి పది లెక్కన మూడు నిమిషాల ఇరవై సెకన్ల పని. ఆ తర్వాత 20 మిల్లీమీటర్ల హెడ్‌తో పిక్క కండరాల మీద ఇంకో వెయ్యి. వారానికొక సిట్టింగ్, మొత్తం మూడు నుంచి ఐదు.

మన దగ్గర ఒక చిక్కుంది. వట్టికాళ్లతో చేలో నడిచేవాళ్లకి మడమ చర్మం మందంగా గట్టిపడి ఉంటుంది, దెబ్బలో సగం ఆ తోలే తాగేస్తుంది. ఒత్తిడి 4 బార్‌కి పెంచితే పనవుతుందనుకోవద్దు. చర్మం పల్చగా ఉండే లోపలి పక్క నుంచి హెడ్‌ని ఏటవాలుగా పెట్టి కొట్టాలి. పగుళ్లలో రక్తం కనపడుతుంటే అవి మానేదాకా ఆగాల్సిందే.

నొప్పి ఎంత ఉండాలన్నది ఇంకో తగువు. పదికి ఐదారు దగ్గర ఉండాలి, మాట్లాడుతూ ఓర్చుకోగలగాలి. "ఇంకొంచెం గట్టిగా కొట్టండి సార్, నాకేం కాదు" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మాట వింటే మర్నాడు కమిలిన కాలుతో తిరిగొస్తారు. మత్తు సూది ఇచ్చి కొట్టడం అంతకన్నా తప్పు. చోటు సరిగ్గా తగిలిందో లేదో చెప్పేది ఆ నొప్పే. పైగా మత్తు ఇచ్చి చేసినప్పుడు ఫలితం తగ్గుతుందని పరిశోధనల్లో కూడా తేలింది.

సిట్టింగ్ అయ్యాక గంటో రెండు గంటలో కాలు తేలిగ్గా ఉంటుంది. నరాలు కాసేపు మొద్దుబారినందువల్ల వచ్చే హాయి అది, దాన్ని చూసి సంబరపడి ఆ సాయంత్రమే చేపల మార్కెట్టంతా తిరిగేయకూడదు. ఒకటి రెండు రోజులు సలుపు పెరగడం మామూలే. డైక్లోఫెనాక్ లాంటి గోళీలు ఆ రోజుల్లో వద్దంటాం, మరీ ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ చాలు. అసలు ఫలితం తెలిసేది ఆరు వారాల నుంచి పన్నెండు వారాల మధ్య. రెండో సిట్టింగ్‌కే తగ్గలేదని మానేసేవాళ్లూ, ఐదింటికి తగ్గలేదని పదో సిట్టింగ్ దాకా లాగే క్లినిక్కులూ, ఇద్దరూ క్యాలెండర్ చూడట్లేదు. డబ్బంతా ముందే కట్టించుకుని పరీక్ష చేయకుండా మెషిన్ ఆన్ చేసే చోట అడుగు పెట్టకపోవడమే మేలు.

మెషిన్ చేసే పని సగమే. వ్యాయామం తోడు లేకపోతే నొప్పి తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. అకిలిస్ మధ్యభాగం నొప్పికి మెట్టు అంచున నిలబడి మడమని నెమ్మదిగా కిందికి దించడం, పదిహేనేసి చొప్పున మూడు విడతలు, పొద్దునా సాయంత్రం, పన్నెండు వారాలు. ఈ పద్ధతికి షాక్‌వేవ్ కలిపినప్పుడు వ్యాయామం ఒక్కటే చేసినదానికంటే మెరుగని 2009లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. మా గదిలో కనపడేది కూడా అదే. నొప్పి టెండన్ ఎముకకి అతుక్కునే చోట ఉంటే మాత్రం మడమ మెట్టు కిందికి దిగకూడదు, సమనేల మీదే చేయించాలి. దించితే టెండన్ ఎముకకి ఒత్తుకుని పోటు పెరుగుతుంది. అరికాలి నొప్పికైతే వేళ్ల కింద టవల్ చుట్ట పెట్టుకుని మడమలు ఎత్తి దించడం, రోజు విడిచి రోజు. ఇంట్లో చెప్పులు వేసుకోమంటే ఆడవాళ్లు ముఖం చిట్లిస్తారు గానీ, చీమకుర్తి గ్రానైట్ పరిచిన వంటింట్లో గంటలకొద్దీ వట్టికాళ్లతో నిలబడితే ఏ మెషినూ ఆదుకోదు. ఇంట్లో వాడే మెత్తటి చెప్పులు వేరే జత పెట్టుకోవచ్చు.

మోచేతి దగ్గర ఎందుకు అంతంతమాత్రం? అక్కడ తోలు, దాని కిందే ఎముక. 2 బార్ దాటితే జివ్వుమంటుంది. దానికి తోడు ఉదయగిరిలో గరిటెలు చెక్కే చేతికో, గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ మెషిన్ పట్టే చేతికో ఆ రోజు సాయంత్రమే మళ్లీ అదే పని తప్పదు. పరిశోధనల తీర్పు కూడా ఈ విషయంలో చీలిపోయే ఉంది. భుజంలో కాల్షియం పేరుకున్న టెండన్‌కి షాక్‌వేవ్ పనికొస్తుంది గానీ, దానికి ఫోకస్డ్ మెషిన్ ఉన్నచోటికి పంపడమే న్యాయం. కాల్షియం లేని భుజం నొప్పికి ఈ మెషిన్ పెట్టడం మేం మానేశాం.

గర్భిణులకి వద్దు. వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి వద్దు. ఆ చోట గడ్డ గానీ చీము గానీ ఉన్నా, ఎదిగే పిల్లల ఎముకల చివర్ల మీదా, ఊపిరితిత్తుల మీదుగానూ కొట్టకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఆరు వారాలు కానివాళ్లని ఆగమంటాం. టెండన్ తెగిందన్న అనుమానం ఉంటే ముందు స్కానింగ్. సుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నొప్పి తెలియకపోతే దెబ్బ ఎక్కువైందని చెప్పేవాళ్లు ఉండరు.

ఇక మెషిన్ మీద ఫిర్యాదులు. శబ్దం ఎక్కువ, పక్క గదిలో వాళ్లకి గోడకి డ్రిల్లింగ్ వేస్తున్నట్టుంటుంది. వరసగా నలుగురికి చేస్తే మన మణికట్టే లాగుతుంది. మోచెయ్యి బల్లకి ఆనించి, చేతులు మార్చుకుంటూ చేయాలి. స్క్రీన్ మీది అంకెనీ గుడ్డిగా నమ్మకూడదు. స్పీడు 15 దాటించగానే చిన్న కంప్రెసర్‌కి గాలి నింపే తీరిక చాలదు, స్క్రీన్ మీద 3 బార్ అని ఉన్నా దెబ్బ పడిపోతుంది. అందుకే టెండన్ మీద 10 దాటించం, పై స్పీడు కండరాలకే.

సముద్రపు తేమకి కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది. రోజూ సాయంత్రం డ్రెయిన్ తిప్పి వదలకపోతే ఆ నీరు గొట్టంలోకి వచ్చి స్టీలు ముక్క జిగటగా కదులుతుంది. మధ్యమధ్య దెబ్బ తప్పడం, టకటక శబ్దం ఎగుడుదిగుడుగా రావడం దాని గుర్తులు. అవే గుర్తులు రబ్బరు రింగులు అరిగినా, గొట్టంలో నల్లటి లోహపు పొడి పేరుకున్నా కనపడతాయి. వారానికోసారి విప్పి పొడి బ్రష్‌తో తుడవాలి, నూనె చుక్క కూడా వేయకూడదు. జెల్ హెడ్ మర వెంట లోపలికి పాకుతుంది కాబట్టి ప్రతి పేషెంటుకీ హెడ్ విప్పి కడిగి ఆరబెట్టాలి. స్టీలు ముక్క, గొట్టం, రింగులు కలిపి వచ్చే కిట్‌ని చాలా కంపెనీలు పది లక్షల దెబ్బలకి ఒకసారి మార్చమంటాయి. సిట్టింగ్‌కి మూడు వేల లెక్కన అది మూడొందల పైచిలుకు సిట్టింగులు. కొనేముందు మెషిన్ ధరతో పాటు ఆ కిట్ ధర, అది ఎన్నాళ్లకి వస్తుందో కాగితం మీద రాయించుకోండి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే హ్యాండ్‌పీస్ కౌంటర్ చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.