ఒంటి చేత్తో అన్నారు, చెయ్యిచ్చారు: ఆ జెశ్చర్ బ్యాండ్ జోలికి వెళ్ళకండి

ఇది టైప్ చేస్తున్నది ఒంటి చేత్తో, అదీ కోపంలో. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరి సంగతో వీఆర్ (కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీ) వాడేవాళ్ళకి పేరు చెప్పకుండానే తెలిసిపోతుంది. హెడ్‌సెట్ అని ఒక్కసారి వెతికితే చాలు, నెల రోజులు వెంటపడుతుందే, ఆ ప్రకటనే. మణికట్టుకి పెట్టుకుని వేళ్ళ సైగలతో వీఆర్‌ని నడిపే నల్ల బ్యాండు, తొడ మీద హాయిగా ఆనించిన చెయ్యి, గాల్లో తేలే మెనూలు, కింద పెద్ద అక్షరాల్లో "అన్నీ ఒంటి చేత్తో". మూడు రోజుల క్రితం వచ్చింది. ఇవాళ రిటర్న్ కుదరదన్నారు.

యాక్సిడెంట్ తర్వాత నా ఎడమ చెయ్యి పైకి లేవదు, వేళ్ళలో పట్టు లేదు. మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లో హ్యాండ్ ట్రాకింగ్ (దాని కెమెరాలతో చేతి కదలికలు పట్టే పద్ధతి) పెట్టుకుని కుడి చేత్తోనే నెట్టుకొస్తున్నా. బొటనవేలూ చూపుడువేలూ కలిపితే క్లిక్, అలాగే పట్టి లాగితే స్క్రోల్. చిక్కల్లా రెండు చోట్ల. చాలా యాప్‌లలో జూమ్ చెయ్యాలంటే రెండు చేతులతో పట్టి సాగదియ్యాలి. పైగా చెయ్యి ఎప్పుడూ కెమెరాలకి కనబడుతూ ఉండాలి, కాసేపటికే భుజం పీకేస్తుంది. దీనికి గొరిల్లా ఆర్మ్ అని పేరు కూడా పెట్టారు. గొరిల్లాకైనా మార్చుకోవడానికి ఇంకో చెయ్యి ఉంటుంది. ఉన్న ఒక్క భుజాన్నీ అరగదీసుకోవడం ఇష్టం లేక ఈ బ్యాండు వైపు చూశా.

కొనేముందు చాట్‌లో అడిగాను కూడా. "నాకు ఒక్క చెయ్యే పనిచేస్తుంది, సెటప్‌తో సహా మొత్తం ఒక్క చేత్తో అవుతుందా?" అని. "మీలాంటివాళ్ళ కోసమే చేశాం సార్" అని జవాబు, పక్కన దణ్ణం బొమ్మ. ఆ దణ్ణంలో రెండు చేతులున్నాయని నాకప్పుడు తట్టలేదు.

ఇక సెటప్. బ్యాండు కుడి మణికట్టుకి పెట్టుకోవాలట. పెట్టుకున్నా, పట్టీని పళ్ళతో లాగి. తర్వాత స్క్రీన్ మీద వచ్చింది: "బ్యాండు పక్కనున్న బటన్‌ను 5 సెకన్లు నొక్కి పట్టుకోండి." కుడి మణికట్టు మీద ఉన్న బటన్‌ని కుడి చేత్తో నొక్కి చూడండి ఓసారి. నిజంగా ట్రై చెయ్యండి, నేనాగుతా. బల్ల అంచుకి ఆనించి నొక్కా, జారింది. గడ్డంతో నొక్కా, మూడో సెకనుకే తప్పింది. చివరికి మళ్ళీ పళ్ళే దిక్కయ్యాయి. పెయిరింగ్ తెగినప్పుడల్లా ఇదే తంతు, అది గంటకోసారి తెగుతుంది.

సరే, పెయిర్ అయ్యాక? మణికట్టు కదలకుండా తొడ మీద పెట్టి వేళ్ళు కలిపితే ఏమీ లేదు. వేళ్ళు కలపకుండా చెయ్యి మొత్తం విదిలిస్తే క్లిక్ పడింది. దగ్గితే పడింది. అనుమానమొచ్చి బ్యాండు తిప్పి చూస్తే లోపలంతా నున్నటి రబ్బరు, మధ్యలో వెలుగుతూ ఒక ఆకుపచ్చ లైటు. అంతే. ప్రకటనలో మాత్రం "కండరాల సంకేతాలు చదివే ఈఎంజీ టెక్నాలజీ". కండరం పనిచేసేటప్పుడు పుట్టే సన్నటి కరెంటుని చర్మం మీంచి పట్టడమే ఈఎంజీ, దానికి చర్మాన్ని తాకే ఎలక్ట్రోడ్లు కావాలి. 2018లో అమ్మకం ఆపేసిన మయో అనే ఈఎంజీ ఆర్మ్‌బ్యాండ్‌లో 8 సెన్సార్లుండేవి. 2025లో మెటా తన డిస్‌ప్లే కళ్ళజోడుతో ఇచ్చిన న్యూరల్ బ్యాండ్ కూడా ఈఎంజీతోనే పనిచేస్తుంది. నాకు అంటగట్టిన బ్యాండులో ఉన్నది నాడి చూసే లైటు, కదలిక చూసే సెన్సారు. వాటితో చిటికె పట్టలేమని కాదు, 2023లో ఆపిల్ వాచ్ సిరీస్ 9 డబుల్ ట్యాప్‌ని (బొటనవేలూ చూపుడువేలూ రెండుసార్లు తాకించే సైగని) అలాంటి సెన్సార్లతోనే చేసింది. ఆ మాటే చెప్పి, సరిగ్గా చేసి అమ్మితే ఎవడొద్దన్నాడు?

ఇంతవరకూ ఓర్చుకున్నా. అసలు ఒళ్ళు మండింది నిన్న రాత్రి చాట్‌లో. బటన్ సంగతి చెబితే "రెండో చేత్తో నొక్కండి సార్" అంది అవతలి మనిషి. రెండో చెయ్యి పనిచెయ్యదని కొనకముందే చెప్పానని పాత చాట్ చూపించా. కాసేపు చుక్కలు కదిలాయి. తర్వాత వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు: "ఒంటి చేత్తో అంటే ఒంటి చేతికి పెట్టుకునేది అని అర్థం సార్. ఇంట్లో ఎవరిదైనా ఒక చెయ్యి సాయం తీసుకోండి."

మూడుసార్లు చదివాను. తృతీయా విభక్తికి డబ్బు తీసుకుని షష్ఠీ విభక్తి పంపించారన్నమాట. స్కూల్లో వ్యాకరణం సరిగ్గా చదవనందుకు ఇన్నేళ్ళకి జరిమానా. ఇంట్లో ఎప్పుడూ ఇంకో చెయ్యి సిద్ధంగా ఉంటే నాకీ బ్యాండెందుకు?

ఇవాళ పొద్దున రిటర్న్ పెట్టాను. ఫొటోలు అడిగారు, పంపాను. గంటలో తిరస్కరించారు. కారణం "కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజ్". బటన్ మీద పంటి గాట్లున్నాయట!

తప్పు నాదీ ఉంది. ఆ ప్రకటన వీడియో ఇప్పుడు మళ్ళీ నెమ్మదిగా చూస్తే, ప్రతి షాట్ బ్యాండు ఆన్ అయ్యాకే మొదలవుతోంది. పెట్టుకోవడం ఎక్కడా చూపించలేదు. జూమ్ చేసే షాట్‌లో మనిషి ఎడమ భుజం కూడా కదులుతోంది, ఆ చెయ్యి మాత్రం ఫ్రేములో లేదు. పదిసార్లు చూశాను కొనేముందు. ఆశ కదా, కళ్ళు మూసేసింది.

ఇంకెవరైనా ఇలాంటిది కొనేలా ఉంటే, పెట్టె విప్పడం దగ్గర్నుంచి పెయిరింగ్ దాకా ఒక్క చేత్తో చేసిన వీడియో అడగండి, కట్ లేకుండా. ఈఎంజీ అంటే లోపలివైపు ఫొటో అడగండి. నా దగ్గరున్న ఫొటోలు, చాట్ కావాలంటే పంపుతా, పంటి గాట్లతో సహా.