నెల్లూరులో అమ్ముతున్న ఆ ఆక్టేన్ బూస్టర్ సీసాతో జాగ్రత్త

షాపు పేరు రాయను. నెల్లూరులో టర్బో పెట్రోల్ కారు ఉన్నవాళ్లకి అది ఏ షాపో చెప్పక్కర్లేదు. రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్పించడం) చేయించాక ఎండలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను నాకింగ్ (పెట్రోలు దానంతటదే మండి ఇంజను టకటక కొట్టుకోవడం) వస్తోందని వెళ్లాను. "సార్, ట్యాంకుకి ఒక సీసా పొయ్యండి, 95 పెట్రోలు 100 అయిపోద్ది" అన్నాడు షాపాయన. ఈ అంకెలు ఆక్టేన్‌వి, అంటే పెట్రోలు నాకింగ్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. సీసా మీద ఐదు పాయింట్లు అని పెద్దగా రాసి ఉంది. లోపల ఏం కెమికల్ ఉందని అడిగితే కంపెనీ సీక్రెట్ అన్నాడు.

నాకింగ్ తగ్గలేదు. కొన్నాళ్లకే కావలి దారిలో హైవే మీద బండి జర్కులు ఇచ్చి చెక్ ఇంజన్ లైటు వెలిగింది. మెకానిక్ స్పార్క్ ప్లగ్గులు తీస్తే అన్నిటి మీదా ఇటుకపొడి రంగు పొర.

ఆ ప్లగ్గులు పట్టుకుని షాపుకి వెళ్లాను. ఆయన వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు. "పాయింటంటే పదో వంతు అబ్బయ్యా. ఐదు పాయింట్లంటే అర ఆక్టేన్. చదువుకున్నోడివి, ఆ మాత్రం తెలీదా?" అని నలుగురిలో నవ్వాడు. అమ్మేటప్పుడు సార్ అన్న మనిషే! నేనింకా అక్కడ నిలబడి ఉండగానే పక్కనున్న కుర్రాడికి అదే సీసా చూపించి "వంద అయిపోద్ది అన్నా" అన్నాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాటకే నా ఒళ్లు మండిపోయింది. ఆ అబ్బాయికి ప్లగ్గులు చూపించి, కొనకుండా పంపించేశాను.

మా మెకానిక్ చెప్పిన లెక్క ఇది. టోలీన్ (ఒక ద్రావకం) లాంటిది కలిపి నిజంగా ఐదు ఆక్టేన్ పెంచాలంటే 40 లీటర్ల ట్యాంకులో ఏడెనిమిది లీటర్లయినా అదే ఉండాలి. చిన్న సీసాతో పని జరగాలంటే లోహం ఉన్న మందు కావాలి: ఫెర్రోసీన్ అయితే ఇనుము, ఎంఎంటీ అయితే మాంగనీసు. ఫెర్రోసీన్ కాలితే ఐరన్ ఆక్సైడ్ ప్లగ్గు పింగాణీ మీద పేరుకుంటుంది. వేడెక్కినప్పుడు కరెంటు ఆ పొర మీదుగా జారిపోయి నిప్పురవ్వ సరిగా పడదు. ఇలా మంట సరిగా అంటుకోకపోవడాన్ని (మిస్‌ఫైర్) అలాగే వదిలేస్తే కాలని పెట్రోలు వెళ్లి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. దాని ఖరీదు ముందు ఈ సీసా ఎంత!

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుకే ప్రమాణం ప్రకారం 95 ఆక్టేన్ ఉండాలి. అంతకంటే ఎక్కువ కావాలంటే 95 కంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం పెట్రోలు దొరికే బంకు చూసుకోండి. లేదంటే రీమ్యాప్ చేసిన ట్యూనర్‌తో చెప్పి ఇంజను సెట్టింగుల్ని (మ్యాప్) 95 ఆక్టేన్‌కి సరిపోయేలా తగ్గించుకోండి. నేను అదే చేయించుకుంటున్నాను.

బిల్లు మీద సరుకు పేరు రాయించుకోండి. నా బిల్లు మీద "కార్ కేర్" అని మాత్రమే రాశాడు. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నాను. ఇప్పటికే ఆ సీసా పోసినవాళ్లు ముందు ప్లగ్గులు తీయించి చూసుకోండి, ఖాళీ సీసా పారేయకండి.