పది మీటర్ల లాంగ్ లీష్: రెండేళ్లు వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, ఈ లాంగ్ లీష్, అంటే కుక్కకి తగిలించే పొడవాటి పట్టీ, కొన్నంత మాత్రాన మీ కుక్క పారిపోవడం మానేయదు. లీష్ పని వేరే. పిలిస్తే రావడం కుక్కకి బాగా అలవాటయ్యేదాకా, ‘రాకపోయినా ఏమీ కాదులే’ అనే సంగతి దానికి తెలియకుండా చూస్తుంది, అంతే. ఆ ఒక్క పనీ నేను చూసిన వస్తువులన్నిట్లోకీ ఇదే బాగా చేసింది.

మావాడు బీగిల్. వాసన పట్టుకుని కుందేళ్ల వెంటపడటానికే మనుషులు పెంచిన జాతి. ముక్కు నేలకి ఆనిందా, ఇక చెవులు పనిచేయవు. గేటు కాస్త సందిస్తే చాలు, తుర్రుమనేవాడు. వెంటపడితే ఇంకా హుషారు, వాడికది ఆట. మనం దగ్గరికి వెళ్లేదాకా ఆగి, చెయ్యి చాచగానే మళ్లీ పరుగు. కుక్కలున్నవాళ్లకి ఈ టెన్షన్ కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదట్లో నైలాన్ లీష్ వాడాను. తేలికగా ఉంటుంది గానీ తడి గడ్డి మీద ఈడ్చామంటే నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఒక పట్టాన ఆరదు, తర్వాత కంపు. చిన్న చిన్న ముళ్లూ గడ్డిగింజలూ దాని నేతలో దూరి కూర్చుంటాయి. ఇప్పుడున్నది ప్లాస్టిక్ పూత ఉన్న పట్టీ. బురదైనా తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది. పొదలకి చుట్టుకున్నా ముడిపడకుండా జారి బయటికి వస్తుంది. అయితే ఆ జారే గుణమే తడిసినప్పుడు ఇబ్బంది. కుక్క ఒక్కసారి దూకితే పట్టు నిలవదు, అరచేయి మండిపోతుంది. గ్లౌజులు లేకుండా వాడొద్దు. కొత్తగా కొనేవాళ్లు పట్టు కోసం గరుకు గీతలున్న రకం తీసుకుంటే మంచిది.

కొక్కెం విషయంలో ఫిర్యాదు ఉంది. ఇసుకలో తిరిగొచ్చాక దాని స్ప్రింగు బిగుసుకుపోతుంది. కొక్కెం పడిందనుకుంటాం, నిజానికి సగమే మూసుకుని ఉంటుంది. తగిలించాక ఒకసారి లాగి చూడటం నాకు అలవాటైపోయింది. ఇంకో చివర చేతికి తగిలించుకునే మడత వస్తుంది. దాన్ని కత్తిరించేశాను. లీష్ నేల మీద ఈడ్చుకుంటూ పోతున్నప్పుడు ఆ మడతే రాళ్లకీ వేర్లకీ తగులుకునేది.

ఈ పొడవు లీష్‌ని కాలర్‌కి మాత్రం తగిలించకండి. పది మీటర్లు పరుగెత్తి ఒక్క కుదుపుతో ఆగితే ఆ దెబ్బంతా మెడ మీదే పడుతుంది. వీపు మీద రింగ్ ఉన్న హార్నెస్ (మెడకి బదులు ఛాతీకి చుట్టి వేసే పట్టీ) తప్పనిసరి. కుక్క పరుగందుకుంటే చేత్తో పట్టుకోబోవడం కంటే లీష్ మీద కాలు వేయడం మేలు, పట్టీ కాలి కింద జారుతూ జారుతూ ఆగుతుంది కాబట్టి కుదుపు తక్కువ. లీష్ మీ కాళ్లకి చుట్టుకోకుండా మాత్రం చూసుకోండి. పిల్లల చేతికైతే అసలు ఇవ్వొద్దు.

ఇక ట్రైనింగ్. ఈ లీష్ కుక్కని మన దగ్గరికి లాక్కోవడానికి కాదు. చేపని లాగినట్టు లాగితే, లాగినప్పుడు రావడమే నేర్చుకుంటుంది. నేను ఒక్కసారే విజిల్ వేస్తాను. విజిలే ఎందుకంటే అది కోపంలోనూ కంగారులోనూ ఒకేలా మోగుతుంది, మన గొంతు అలా కాదు. రాకపోతే రెండోసారి వేయను. లీష్ వదులుని చేతిలోకి తీసుకుని, ముందుకి పోనివ్వకుండా ఊరికే నిలబడతాను.

పొద దగ్గర మావాడి వ్యవహారం చూడాలి. తోక నిటారుగా లేస్తుంది, ముందు కాలొకటి గాల్లో ఆగిపోతుంది, ముక్కుపుటాలు మాత్రం టపటపా ఆడుతుంటాయి. విజిల్ వేస్తే ఒక చెవి మొదలు దగ్గర చిన్నగా కదులుతుంది, అంటే విన్నాడన్నమాట. అక్కడి నుంచి వాడు తల తిప్పేదాకా పట్టే ఆ కాసేపే అసలు పాఠం. తల తిప్పగానే ‘భేష్’ అంటూ నేను వెనక్కి పరుగెత్తుతాను. మనం దూరమవుతుంటే కుక్కకి వెంట రావాలనిపిస్తుంది. వచ్చాక ఉడికించిన చికెన్ ముక్క. అంతకంటే ముఖ్యం, ముక్క తినగానే ‘పో’ అని మళ్లీ అదే పొద దగ్గరికి వదిలేస్తాను. చాలామంది కుక్కని పిలిచేది ఆట ముగించి ఇంటికి తీసుకుపోవడానికే. రెండు మూడుసార్లు అలా జరిగితే చాలు, పిలుపంటే ఆట అయిపోయిందని దానికి అర్థమైపోతుంది, ఇక ఎందుకొస్తుంది? ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చిన కుక్కని తిట్టకూడదు. తిట్టు పడింది పారిపోయినందుకు అని దానికి తెలియదు, వచ్చినందుకే అనుకుంటుంది.

బాగా వస్తున్నాడని తొందరపడి లీష్ తీసేయలేదు. వీపు మీద బరువు ఉందో లేదో కుక్కకి తెలుస్తుంది. ముందు లీష్‌ని చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్వనిచ్చాను. తర్వాత ఐదు మీటర్లది, ఆ తర్వాత మూరెడు ముక్క. ఏడాది వయసు దగ్గర్లో నేర్చుకున్నదంతా మర్చిపోయినట్టు ప్రవర్తించాడు. ఆ వయసులో చాలా కుక్కలు అంతే. మళ్లీ పొడవు లీష్ తగిలించి మొదటి నుంచీ మొదలుపెట్టాం.

లీష్ వల్ల కాని పనులూ ఉన్నాయి. గేటు దగ్గర దూకడం వాటిలో ఒకటి. దానికి ‘ఆగు’ అని విడిగా నేర్పాల్సిందే. తలుపు కొంచెం తెరవడం, ముందుకొస్తే మూసేయడం, ఆగితేనే మళ్లీ తెరవడం. ఇంట్లో అందరూ ఇదే పద్ధతి పాటించాలి, ఒక్కరు గారాబం చేసినా మళ్లీ మొదటికొస్తుంది. కుక్క రోజంతా ఏ పనీ లేకుండా పడి ఉన్నా, బాణసంచాకి బెదిరినా, ఆపరేషన్ చేయించని మగకుక్క ఎదకొచ్చిన ఆడకుక్క వాసన పట్టినా, ఆ కారణం చూడకుండా లీష్ మీద భారం వేస్తే లాభం లేదు.

జీపీఎస్ కాలర్ కూడా వాడుతున్నాను. మంచిదే, కానీ అది చెప్పేది కుక్క ఎక్కడుందో మాత్రమే, అదీ ఛార్జింగూ మొబైల్ సిగ్నలూ ఉంటేనే. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ అయితే కుక్క ఎక్కడుందో కూడా చెప్పదు. దొరికిన కుక్క మీ సొంతమేనని స్కానర్‌తో తేల్చడానికే పనికొస్తుంది, రిజిస్టర్ చేసిన ఫోన్ నంబరు ఇప్పటికీ పనిచేస్తుంటేనే. షాక్ కొట్టే కంచెలంటే నాకు గిట్టదు. వాసన ఊపులో కుక్క షాక్‌ని లెక్కచేయకుండా దాటేస్తుంది, ఊపు తగ్గాక అదే షాక్‌కి భయపడి లోపలికి రాదు.

బటన్ నొక్కితే చుట్టుకుపోయే లీష్ దీనికి బదులు కాదు. అది ఎప్పుడూ బిగుతుగానే ఉంటుంది కాబట్టి లాగితేనే ముందుకి పోవచ్చని కుక్కకి అలవాటవుతుంది.

రెండేళ్ల వాడకంలో పట్టీ పూత చెక్కుచెదరలేదు. కొక్కెం దగ్గర రివెట్ మాత్రం కాస్త వదులైంది, త్వరలో మార్చాలి. మళ్లీ కొన్నా ఇదే రకం కొంటాను, కొక్కెం ఇత్తడిది చూసుకుని. చిన్న కుక్క అయితే సన్నటి, తేలికైన పట్టీ తీసుకోండి. పొడవు మాత్రం పది మీటర్లు చాలు. పదిహేనుది ప్రయత్నించాను గానీ, దాన్ని చేతిలో చుట్టుకునేలోపే మావాడు మూడు పొదలు తిరిగొచ్చేవాడు.